జాబితాలో ఐదో పేరు

మా కెప్టెన్ నన్ను ఆటలోంచి తీసేసిన రోజు మధ్యాహ్నం నీళ్ల ట్యాంకర్ వచ్చింది. రాప్తాడులో హైవేకి కాస్త లోపలగా, సిమెంటూ ఇనుమూ అమ్మే దుకాణం పైన మూడు గదులు అద్దెకు తీసుకుని ఉండేవాళ్లం. ఆమె నాతో మాట మొదలుపెట్టింది. అంతలో కింద హారన్ వినిపించింది. "ఉండప్పా, వస్తా" అని లేచి వెళ్లి, పైపు పట్టుకుని తొట్టి నింపి, తడి చేతులు చున్నీకి తుడుచుకుంటూ వచ్చి మళ్లీ ఎదురుగా కూర్చుంది. అంతసేపూ నేను కదల్లేదు. ఆ మాట చివర ఏముందో నాకు తెలుసు.

మేము ఫోన్లలో ఆట ఆడి జీతం తీసుకునేవాళ్లం. ఈ సంగతి చెబితే మా ఊళ్లో ఇప్పటికీ కొందరు నవ్వుతారు. బెంగళూరులో ఉన్న ఒక కంపెనీ మా నలుగురినీ ఒక టీముగా తీసుకుంది. ఆట చెప్పడానికి తేలికే. ఒక పెద్ద దీవి మీద పదహారు టీములు దిగుతాయి. ఒక్కో టీముకు నలుగురు. తుపాకులు వెతుక్కోవాలి, దాక్కోవాలి, ఎదురైనవాళ్లను కొట్టాలి. దీవి చుట్టూ ఒక గీత ఉంటుంది, అది అంతకంతకూ లోపలికి ముడుచుకుంటూ వస్తుంది. గీత బయట మిగిలినవాడు చస్తాడు. చివరికి ఏ టీము మిగిలితే ఆ రౌండు వాళ్లది. ఇలాంటి రౌండ్లు నెలల తరబడి ఆడితే ఒక సీజన్.

కెప్టెన్ నాకంటే మూడేళ్లు పెద్ద. అందరం అక్క అనే పిలిచేవాళ్లం. విడపనకల్లు దగ్గర గొర్రెలు మేపుకునే ఇంట్లో పుట్టింది. పదో తరగతి తర్వాత బెంగళూరు వెళ్లి బట్టల ఫ్యాక్టరీలో చొక్కాలకు గుండీలు సరిగ్గా ఉన్నాయో లేదో చూసే పనిలో చేరింది. భోజనాల వేళ, పగిలిన తెర ఉన్న ఫోన్లో ఈ ఆట నేర్చుకుంది. చెయ్యి మరీ అంత వేగం కాదు. కానీ గీత ఎటు ముడుచుకుంటుందో, ఏ టీము ఎటు కదులుతుందో మాకంటే ముందే ఆమెకు తెలిసిపోయేది. ఎలా తెలుస్తుందని ఒకసారి అడిగాను.

"గొర్లు మేపినదాన్నప్పా. మంద యాడికి మళ్లుతాదో ముందే కనిపెట్టకపోతే పక్కోని చేన్లో పడి తన్నులు తినాల" అంది.

మిగతా ఇద్దరూ ధర్మవరం నుంచి వచ్చిన అన్నదమ్ములు. పట్టుచీరలు నేసే ఇల్లు. చిన్నప్పటి నుంచీ దారం పోగులతో పనిచేసిన వేళ్లు కాబట్టి తెర మీద ఆ ఇద్దరి వేళ్లు చూడముచ్చటగా తిరిగేవి. నలుగురికీ వండిపెట్టడానికి అక్క వాళ్ల అవ్వ ఊరి నుంచి వచ్చి మాతోనే ఉండేది. అవ్వ ఉండబట్టే ఒక ఆడపిల్ల ముగ్గురు మగపిల్లలతో ఒకే మిద్దె మీద ఉందని వీధిలో ఎవరూ నోరెత్తలేదు. ఎత్తినవాళ్లకు అవ్వే జవాబు చెప్పింది.

ఆ ఎండాకాలం సీజన్ మొదటి సగం మాకు బాగా సాగలేదు. ఫోన్లు వేడెక్కి ఆట ఆగి ఆగి నడిచేది. కిటికీలకు తడి గోనెపట్టలు కట్టేవాళ్లం. పట్టలు అరగంటలో ఎండిపోయేవి. అయితే మేము ఓడింది ఎండవల్ల కాదు. చాలావరకు నావల్ల. ప్రతి సోమవారం అక్క మా అందరికీ ఒక పరీక్ష పెట్టేది. తెర మీద చుక్క కనిపించగానే నొక్కాలి. ఎవరికి ఎంతసేపు పట్టిందో గోడ మీద సుద్దముక్కతో రాసేది. వారం వారం నా అంకె పెరుగుతూ వచ్చింది. ఒక రౌండులో మూడే టీములు మిగిలాయి. రాయి వెనక నుంచి వస్తున్నవాణ్ణి అందరికంటే ముందు చూసింది నేనే. చూసి, అక్కకు చెప్పి, తుపాకి ఎత్తేలోపు వాడే నన్ను కొట్టాడు. పట్టికలో మేము అడుగునుంచి మూడోవాళ్లం.

ట్యాంకర్ వెళ్లిపోయాక అక్క సూటిగా చెప్పింది.

"నీ చెయ్యి నిదానమైందప్పా. అందరికన్నా ముందు చూస్తాండావు, చెయ్యి మాత్రం వెనకబడతాంది. నీ చోటికి ఇంగొకరిని తెస్తాండా."

"ఒక్క వారం టైమియ్యక్కా."

"మూడు వారాలిచ్చినా. నీకు చెప్పకుండా ఇచ్చినా. ఇంగా ఇస్తే ఆ ఇద్దరికీ అన్యాయం చేసినట్ల."

"కంపెనీవాళ్లు చెప్పినారా?"

"వాళ్లేం చెప్పల్యా. నేనే అనుకున్యా. కోపమొస్తే నన్నే తిట్టు."

కంపెనీ మీదికి నెట్టేస్తే ఆమెకు సులువయ్యేది. నేనూ నమ్మేవాణ్ణి. అలా చెయ్యకపోవడం ఎంత పెద్ద సంగతో ఆ రోజు నాకు తోచలేదు. ఆమె ఇంకేదో చెప్పబోతుంటే వినకుండా లేచి, బట్టలు సంచిలో కుక్కుకుని, అవ్వ పిలుస్తున్నా తిరిగి చూడకుండా బస్సెక్కాను.

మా ఊళ్లో నాయనకు చీనీ తోట ఉంది, బత్తాయిని మా వైపు చీనీ అంటారు. ఆ ఏడు బోరులో నీళ్లు తగ్గి, చెట్లను బతికించుకోవడమే పనిగా ఉన్నాడు నాయన. నేనూ పొద్దున్నే తోటలోకి వెళ్లి డ్రిప్పు పైపులకు పట్టిన సున్నం గీకుతూ కూర్చునేవాణ్ణి. నాయన ఏమీ అడగలేదు. అక్క ఫోన్ చేస్తే ఎత్తలేదు. రెండో రోజు మానేస్తుందనుకున్నాను. రోజూ ఒకే వేళకు, పదకొండు గంటలకు, ఒక్కసారి మోగేది. పదో రోజు మోగలేదు. ఆ పదకొండుకే ఆమె మా తోట గేటు దగ్గర నిలబడి ఉంది. చేతిలో అవ్వ పంపిన ఊరిబిండి పచ్చడి డబ్బా.

నాయన మంచం వాల్చి కూర్చోబెట్టాడు. నీళ్లిచ్చాడు. తర్వాత అడిగేశాడు.

"ఏమ్మా, మావాన్ని తీసేసినావంట?"

"ఆటలోంచి తీసేసినా పెద్దనాయనా. టీములోంచి తీసేయల్యా. ఆ మాట చెప్దామంటే ఈయప్ప ఫోనెత్తడు."

అప్పుడు నా వైపు తిరిగింది. టీము జాబితాలో ఐదు పేర్లు రాసుకోవచ్చు. నలుగురు ఆడతారు, ఐదోవాడు అవసరమైతే వస్తాడు. ఇన్నాళ్లూ మాకు ఐదోవాడు లేడు. ఇప్పుడు ఐదో పేరుగా నాది రాయించానని చెప్పింది. ఆడకపోయినా పని ఉంది. ప్రతి మ్యాచ్ రికార్డింగు చూసి ఎక్కడ తప్పు చేశామో చెప్పాలి. కొత్తగా వచ్చినవాడికి నా చోటు ఎలా ఆడాలో నేర్పాలి.

నాకు ఒళ్లు మండింది. "నా చోటు లాక్కున్నోనికి నేనే నేర్పల్లా?"

"ఊ. నీకన్నా బాగా ఆ చోటు ఎవురికి తెలుసు?"

ఆమె బతిమాలలేదు. మధ్యాహ్నం మాతోపాటు సంగటి తిని, నాయనతో తోటంతా తిరిగి, ఏ చెట్లకు ఎండుతెగులు వచ్చిందో అడిగి తెలుసుకుని, మూడు గంటల బస్సుకు వెళ్లిపోయింది. వెళ్లాక నాయన నా పక్కన వచ్చి కూర్చున్నాడు.

"తీసేసినోళ్లు శానామందిని చూసినా. ఇంటికొచ్చి మొగం చూసి చెప్పినోళ్లను చూల్లేదు" అన్నాడు. మళ్లీ తనే, "పోతే పో. అయితే కోపం తగ్గినాకే పో. కోపంతో పోతే ఆ పిల్లోనికి సరిగ్గా చెప్పవు" అన్నాడు.

ఇంకో నాలుగు రోజులుండి వెళ్లాను. కోపం పూర్తిగా తగ్గిందని చెప్పను.

కొత్తగా వచ్చినతను బళ్లారి వాడు. ఇరవై రెండేళ్లు. అంతకుముందు మోటార్లకు వైండింగు కట్టే షాపులో పనిచేశాడు. మేమతన్ని బళ్లారి అనే పిలిచేవాళ్లం. మొదటి రోజు అతని వెనక నిలబడి చూశాను. చుక్క కనిపించడమూ నొక్కడమూ ఒక్కటే అయినట్టుండేది. అసూయ పడాలన్నా కుదరనంత వేగం. చూస్తుండగానే "అబ్బ" అని నా నోట్లోంచి వచ్చేసింది. అతను ఉలిక్కిపడి లేచి నిలబడ్డాడు. నేను తిట్టానేమో అనుకున్నాడట.

చిక్కంతా భాషతో వచ్చింది. అతనికి కన్నడ తప్ప రాదు. సరిహద్దు ఊరిది కాబట్టి అక్కకు రెండూ వచ్చు. అన్నదమ్ములకు కన్నడ ముక్క రాదు. ఆట మధ్యలో అక్క ఒక మాట అతనికి కన్నడలో, అదే మాట వీళ్లకు తెలుగులో చెప్పాల్సి వచ్చేది. ఆ రెండో మాట చెప్పేలోపు ఎవరో ఒకరు చచ్చేవారు. ఒక మ్యాచ్‌లో అయితే బళ్లారి "కల్లు! కల్లు!" అని అరిచాడు. అన్నదమ్ముల్లో పెద్దవాడు చుట్టూ చూసి, "మ్యాచ్ మధ్యలో కల్లేంది రా సామీ!" అని నవ్వు ఆపుకోలేక ఫోన్ వదిలేశాడు. కన్నడలో కల్లు అంటే రాయి. రాయి వెనక శత్రువు ఉన్నాడని అతను చెబుతున్నాడు. శత్రువు నిజంగానే ఉన్నాడు. నలుగురూ పోయారు.

నవ్వాల్సినంత నవ్వాక, ఆ రోజంతా అక్కా నేనూ కాగితాలు ముందేసుకుని కూర్చున్నాం. రెండు వైపులా అర్థమయ్యే మాటలు ఏరాం. రాయిని 'బండ' అన్నాం. ఎడమకు 'ఎడ', కుడికి 'బల'. ఆగమనడానికి 'నిల్లు'. మాట దొరకని చోట మేమే కల్పించాం. ఒక్కటీ రెండు అక్షరాలు దాటకూడదని అక్క పట్టుబట్టింది. అవ్వతో సహా అందరం ఇంట్లో ఆ మాటలే వాడాలని నియమం పెట్టింది. వారం తిరిగేసరికి అవ్వ వంటింట్లోంచి "ఎడ, నిల్లు!" అంటే చిన్నవాడు అన్నం పళ్లెం పట్టుకుని ఎడమ పక్క గోడకు ఆనుకుని ఆగిపోయేవాడు.

పొద్దున రికార్డింగులు, మధ్యాహ్నం బళ్లారికి నేర్పడం, సాయంత్రం మ్యాచ్. నా చోటు అంటే అందరికంటే ముందు వెళ్లి చూసి వచ్చే చోటు. ఎక్కడ నిలబడితే ఎంత దూరం కనబడుతుంది, ఏ కిటికీ నమ్మకూడదు, ఎప్పుడు కాల్చకుండా ఊరుకోవాలి, నాకు తెలిసిందంతా చెప్పాను. మొదట్లో రెండు మూడు సంగతులు చెప్పకుండా దాచుకున్నాను. ఒక సాయంత్రం అతను నా దగ్గరికి వచ్చి, కష్టపడి కూర్చుకున్న తెలుగులో, "అన్నా, నేను ఈడ తప్పు చేస్తాండా. ఏం తప్పో తెల్దు" అన్నాడు. నేను దాచుకున్నది సరిగ్గా అదే. సిగ్గేసింది. కూర్చోబెట్టి మొత్తం చెప్పేశాను.

మెల్లగా పైకి ఎక్కాం. పన్నెండో చోటు, పదో చోటు, ఏడో చోటు. చివరి పోటీకి అర్హత వచ్చింది. అది బెంగళూరులో, పెద్ద హాల్లో, జనం ముందు వేదిక మీద మూడు రోజులు ఆడాల్సిన పోటీ. కంపెనీవాళ్లు పోస్టర్లు వేశారు. నడిమధ్యలో అక్క మొహం.

పోటీకి ఇంకా ఐదు రోజులుందనగా అక్క కుడి బొటనవేలు వాచింది. అంతకు నెల ముందు నుంచే నొప్పి ఉందట. మాకు చెప్పలేదు. అనంతపురంలో డాక్టరు చూసి, నరం వాచింది, ఆరు వారాలు ఫోన్ పట్టకూడదన్నాడు. తిరిగొచ్చి మమ్మల్నందరినీ గదిలోకి పిలిచింది. సోమవారం కాదు, అయినా పరీక్ష పెట్టుకుంది. మా కళ్లముందే చుక్కలు నొక్కింది. అంకె తనే గోడ మీద రాసింది. నన్ను తీసేసిన వారం నా అంకె ఇంకా గోడ మీదే ఉంది. ఆమెది దానికంటే ఎక్కువ వచ్చింది.

"ఇంగ నేను ఆడకూడదు. ఐదో పేరు ఆడల్ల" అంది.

పెద్దవాడు ఒప్పుకోలేదు. "నీ చెయ్యి ఆడకున్యా ఏం కాదక్కా. నీ నోరుంటే చాలు. మేము చూసుకుంటాం."

"ఆ పొద్దు ఈయప్పకి చెప్పిన మాట నాకు చెల్లదా? నోటితో ఆడేదానికి నాలుగో మనిషెందుకు?"

కంపెనీ మేనేజరు ఫోన్ చేసి, జనం ఆమెను చూడటానికే వస్తారని, కనీసం మొదటి రోజైనా కూర్చోమని అడిగాడు. స్పీకర్లో అందరం విన్నాం. "పోస్టర్లో నా మొగం ఉండాదని సీట్లో నేను కూచుంటే టీము గెలవదు సార్" అని ఫోన్ పెట్టేసింది.

నేను సంతోషించాను. దాచి లాభం లేదు. మళ్లీ ఆడతానన్న సంతోషం ముందు వచ్చింది. ఆమె తన వేలు అవతలి చేత్తో పట్టుకుని కిటికీ దగ్గర నిలబడటం చూశాకే మిగతావన్నీ వచ్చాయి. ఏడేళ్లుగా ఆమె ఎదురుచూసిన వేదిక అది.

బెంగళూరులో మొదటి రోజు ఘోరంగా ఆడాం. టీముకు మాట చెప్పే పని నాది. అక్క ఆటలో చెప్పేటట్టే గబగబా, గట్టిగా, ఆమె గొంతు తెచ్చుకుని చెప్పాను. నాకే నా మాట అర్థం కాలేదు. రౌండు నడుస్తుంటే బయటివాళ్లు మాట్లాడకూడదు. రౌండుకూ రౌండుకూ మధ్య మాత్రం రావచ్చు. అక్క వేదిక పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉండేది. సాయంత్రం ఆఖరి విరామంలో వచ్చి నా పక్కన వంగి కూర్చుంది.

"నా మాదిరి మాట్లాడొద్దప్పా. రికార్డింగు చూసి మాకు ఎట్ల చెప్తాండావో అట్ల చెప్పు. నిదానంగా. నీ మాట వినేదానికి వాళ్లకు అలవాటుండాది."

అంతే చెప్పింది. రెండో రోజు నుంచి అలాగే చెప్పాను. పట్టికలో పద్నాలుగు నుంచి ఏడుకు వచ్చాం.

మూడో రోజు ఆఖరి రౌండు నాకు అంగుళం అంగుళం గుర్తుంది. గీత ముడుచుకుని ఒక బోడిగుట్ట మీదికి వచ్చింది. చెట్టు లేదు, ఇల్లు లేదు, అక్కడక్కడా రాళ్లు. మాతోపాటు మిగిలిన ఒక్క టీమూ మా కిందే ఉంది, కానీ ఏ రాయి వెనక ఉందో తెలియడం లేదు. ముందుగా కాల్చినవాళ్లు తమ చోటు బయటపెట్టుకుంటారు కాబట్టి రెండు వైపులా ఎవరూ కాల్చడం లేదు. నా చెయ్యి ఎంత నిదానమో నాకు తెలుసు. బళ్లారి చెయ్యి ఎంత వేగమో కూడా తెలుసు.

"నేను బయటికి పోతాండా. నన్ను కొట్టేది యాడ నుంచో చూడండి" అన్నాను.

బండ వదిలి పరిగెత్తాను. నాలుగడుగులు. నన్ను కొట్టారు. నా తెర బూడిదరంగుకు మారింది. "బల! బండ!" అని బళ్లారి అరుపు, ఆ వెంటనే రెండు దెబ్బలు. అన్నదమ్ములిద్దరూ ఎడమ నుంచి దిగారు. చచ్చినవాడు మాట్లాడొచ్చు, కానీ నేను మాట్లాడలేదు. వాళ్లకు నా మాట అక్కర్లేదు. ముగ్గురూ మిగిలారు. రౌండు మాది.

మొత్తం మీద మూడో స్థానం వచ్చింది. కప్పు వేరేవాళ్లది. మా చిన్నవాడు ఏడుస్తూ కూర్చుంటే అక్క వేదిక మీదికి వచ్చి ముందు వాడికి నీళ్లిచ్చింది. తర్వాత నా దగ్గరికి వచ్చింది.

"ఆ పరుగు నాకు తట్టేది కాదప్పా" అంది. ఆమె నోట అంత మాట నేను అంతకుముందు వినలేదు.

సీజన్ ముగిశాక టీములు ఆటగాళ్లను మార్చుకునే నెల వస్తుంది. బళ్లారిని ఒక పెద్ద టీము అడిగింది. మాతో అతని ఒప్పందం ఇంకో ఏడాది ఉంది. కంపెనీ వదలనంది. అక్క బెంగళూరు వెళ్లి రెండు రోజులు కూర్చుని వదిలేలా ఒప్పించింది. నేను గొడవపడ్డాను.

"మనం తయారు చేసినాం గదక్కా!"

"తయారు చేసినామని కట్టేసుకుంటామా? వాని చెయ్యి ఇప్పుడు బాగుండాది. ఎన్నాళ్లు ఉంటాదో నీకు తెల్దా, నాకు తెల్దా?"

అతను వెళ్లే రోజు అవ్వ దారిలో తినమని ఉగ్గాని కట్టిచ్చింది. నా కాళ్లకు మొక్కబోయాడు. పట్టుకుని లేపాను.

అక్క వేలు పూర్తిగా బాగుపడలేదు. ఇప్పుడామె మా కోచ్. ఈ ఏడు కొత్తగా ఇద్దరు వచ్చారు, కదిరి నుంచి ఒకమ్మాయి, గుంతకల్లు నుంచి ఒకబ్బాయి. మాట చెప్పే పని అన్నదమ్ముల్లో చిన్నవాడిది. నేను ఐదోవాణ్ణి, అప్పుడప్పుడు ఆడతాను. సీజన్ ఎలా పోతుందో ఇంకా తెలియదు, ప్రస్తుతానికి తొమ్మిదో చోటులో ఉన్నాం.

పోయిన వారం బళ్లారి కొత్త టీముతో మ్యాచ్ పడింది. బాగానే నిలబడ్డాం. ఆఖర్లో అతను మిద్దె మీద నుంచి దూకుతూ, గాలిలో ఉండగానే, మా పెద్దవాణ్ణి ఒక్క దెబ్బతో పడగొట్టాడు. మేము ఓడిపోయాం. పెద్దవాడు ఫోన్ పక్కన పెట్టి మొహం ముడుచుకున్నాడు. అక్క కుర్చీలోంచి లేచి చప్పట్లు కొడుతోంది.

"ఏమక్కా, ఓడింది మనం!" అన్నాడు పెద్దవాడు.

"తెలుసు లేప్పా" అని, నా వైపు తిరిగి, "ఎంత బాగా కొట్టినాడో చూసినావా?" అంది.

చూశాను.